నూకాలు దొంగయిన సాయంత్రం

సింహాద్రి మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆయన దగ్గర బడి నడపడం నేర్చుకుందామని వచ్చిన కుర్ర పంతుళ్ళు మొదట్లో దీనికి తెల్లబోయేవాళ్ళు. హైమవతీ అలాగే తెల్లబోయింది. ఇప్పుడావిడ తల నెరిసిన బామ్మ. బొబ్బిలి అవతల, కొండల దాపున ఉన్న ఆ పెంకుటింటి బడి ఎప్పుడో మూతబడింది. అయినా కొత్త చింతపండు వాసన తగిలిందంటే చాలు, చేతిలో పని చేతిలోనే ఉండిపోయి ఆవిడ మనసు ఆ బడి వంటశాల అరుగు మీదికి పరిగెడుతుంది. అంత మంచి రోజులు మళ్ళీ రాలేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అప్పట్లో ఆవిడ తరగతిలో నూకాలు అని ఓ పిల్ల ఉండేది. పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. తొడమీద చెయ్యి ఆన్చి, ఒరిగి ఒరిగి నడిచేది. మొదట్లో పిల్లలు ఆ నడకను వెక్కిరించారు. హైమవతి ఊరుకుంటుందా? ఆ వయసులో దయ ఆవిడకు కొత్తగా కొన్న గొడుగు, ఎండా వానా లేకపోయినా విప్పేసేది. రోజూ ప్రార్థన కాగానే దయ గురించి ఓ కథ చెప్పి పిల్లల చేత కళ్ళనీళ్ళు పెట్టించింది. వాళ్ళు బుద్ధిమంతులు, మారిపోయారు. నూకాలు సంచీ ఒకరు మోసేవారు, పలక ఒకరు తుడిచేవారు. దాగుడుమూతలాడితే ఆమెను ఆటలో అరటిపండుగా చేర్చుకునేవారు. అంటే ఆటలో ఉన్నట్టే, కానీ దొరికినా లెక్కలేదు, దొంగ అయ్యే వంతు ఎన్నటికీ రాదు. హైమవతికి కడుపు నిండిపోయింది. ఆ సంతోషంలో ఉండగానే నూకాలు బడి మానేసింది.

కలుపు పనికి పోతూ పోతూ వాళ్ళమ్మ హైమవతికి సంగతి చెప్పింది. కొట్టినా కదలడం లేదట. "ఎవులూ ఏటీ అనలేదంట. బళ్ళో నాకేటీ పని నేదు అంటాది," అంది.

హైమవతి ఆ మాట పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళింది. అంత ప్రేమగా చూస్తుంటే ఆ పిల్ల ఎందుకు మానేసిందో, పిల్లలకు ఇంకా ఏం బోధిస్తే అది తిరిగొస్తుందో చెప్పమంది. మాస్టారు, కొత్త చింతకాయ వచ్చి పడిందనీ, కొట్టడానికి చేతులు చాలడం లేదనీ, నూకాలును పంపమని వాళ్ళమ్మకు కబురు పెట్టమనీ అన్నారు. దయ కథలు మాత్రం కొన్నాళ్ళు కట్టిపెట్టమన్నారు. తానడిగిందేమిటి, ఈయన చెబుతున్నదేమిటి అని హైమవతి లోలోపల విసుక్కుంది.

చేతులు చాలడం లేదనేసరికి నూకాలు వచ్చింది. పిల్లల మధ్యాహ్న భోజనానికి ఏడాదికి సరిపడా చింతపండు అప్పుడే కొట్టి దాచుకోవాలి. వంటశాల అరుగు మీద పిల్లలు ఇద్దరేసి ఎదురెదురుగా కూర్చుని, ఒకరు పెంకు వలిస్తే రెండోవారు ఈనె లాగి పిక్క తీయాలి. మాస్టారు నూకాలును దాని తరగతి పిల్ల సన్యాసమ్మ ఎదట కూర్చోబెట్టారు. అలవాటు కొద్దీ సన్యాసమ్మ, నువ్వుండు అంతా నేనే చేస్తానంది. ఇద్దరి పని ఒక్కరు చేస్తే కుప్ప తరగదని ఆ పూటే తెలిసొచ్చింది. అక్కణ్ణించి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని ఆ ఇద్దరూ చెప్పుకున్న కబుర్లకు అంతు లేదు. నూకాలు దయ్యాల కథలు తెగ కోస్తుందనీ, ఒక్క మాట పడదనీ, రెప్ప వేసేలోగా పక్కవాళ్ళ చింతపిక్కలు ఒళ్ళో దోపుకుంటుందనీ ఆ అరుగు మీదే అందరికీ తెలిసింది. దాని సంచీ మోసేవాళ్ళు తగ్గిపోయారు. అది చూసి హైమవతి మనసు చివుక్కుమంది.

పని ముగింపుకొచ్చిన ఓ సాయంత్రం దాగుడుమూతల్లో సన్యాసమ్మ దొంగ. నీళ్ళతొట్టి వెనక నక్కిన నూకాలే మొదట దొరికింది. తను అరటిపండు కదా, వదిలేసి మిగిలినవాళ్ళను వెతుక్కోమని నూకాలు నింపాదిగా చెప్పింది. సన్యాసమ్మ దాని జడ పట్టుకుంది.

"పొద్దున్న నా సింతపిక్కలు దోపుకున్నప్పుడు అరటిపండువి కావేటే? దొంగవి నువ్వే. నడు."

మాటకు మాట పెరిగింది. దాక్కున్నవాళ్ళంతా బయటికొచ్చి నూకాలుదే తొండి అన్నారు. కాలు సంగతి ఎవరికీ గుర్తొచ్చినట్టు లేదు. హైమవతి గాభరాగా లేవబోయింది. చేటలో పిక్కలు చెరుగుతున్న మాస్టారు కూర్చోమని సైగ చేశారు. చివరికి నూకాలు మూతి ముడుచుకుని, ఒరుగుతూ వెళ్ళి గోడకు మొహం ఆన్చి అంకెలు మొదలుపెట్టింది. ఎంత బిగబట్టినా ఆ ముడుచుకున్న మూతి అంకెకూ అంకెకూ మధ్య విచ్చుకుపోవడం పక్కనున్న హైమవతికి కనబడింది. ఎందుకో ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

అంకెలు పూర్తి కాకుండానే ఇంటిగంట కొట్టేశారు. పిల్లలు ఒప్పుకోలేదు. ఆట తెగలేదు కాబట్టి రేపూ నూకాలే దొంగ అని తీర్పు చెప్పి, వీధి మలుపు దాకా దాని వెనకాలే అరుస్తూ వెళ్ళారు. నూకాలు ఆగి ఆగి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి మరీ తిట్టింది.

హైమవతికి కంగారు తగ్గలేదు. "అన్నేసి మాటలన్నారు మాస్టారూ. రేపది బడికి వస్తుందంటారా?"

సింహాద్రి మాస్టారు చేట దులిపి గోడకు ఆనించారు.

"రాకపోతే వాళ్ళు ఊరుకుంటారా, తల్లీ?"