చువ్వలు వినే చిలకమ్మ

అనగనగా అంటే మరీ అనగనగా కాదు. కొండమీది ఊళ్లకి బస్సు ఇంకా ఎక్కని కాలం. సైకిలే బండి, సైకిలే ఎద్దు, సైకిలే పల్లకి.

ఆ కొండ దిగే దారి మొదట్లో చిలకమ్మ అని ఒకావిడ సైకిళ్లు బాగుచేసేది. నాలుగు రాటలు, పైన తాటాకు, అదే ఆవిడ కొట్టు. మొగుడు పోయాక ఆ పని తనే పట్టింది. పిల్లల్లేరు. అందరూ పెద్దమ్మా అనేవారు.

ఆ దారికి మూడు మలుపులు. మలుపు మలుపుకీ లోయ. చువ్వలు వదులైన సైకిలు బరువేసుకుని దిగిందా, చక్రం అప్పడంలా మడతపడేది. అలా పోయినవాళ్లు ఉన్నారు.

అందుకని చిలకమ్మ దిగేవాళ్లందర్నీ ఆపేది.

పనసకాయలవాడు వస్తే, "ఆగు బావూ, నీ సక్రం ఏటంతందో ఇననీ" అనేది. కుండలవాడు వచ్చినా అదే మాట, తేనె అమ్ముకునే ముసలాయన వచ్చినా అదే మాట. గోటితో చువ్వ చువ్వా మీటేది. బిగువుగా ఉన్న చువ్వ టింగుమనేది. వదులుది టప్పుమనేది. టప్పుమన్నదాన్ని బిగించి, చక్రం తిప్పి, ఊగకుండా తిరుగుతోందని చూశాకే వదిలేది.

వదిలాక మాత్రం ఆవిడకి ప్రాణం కుదుటపడేది కాదు. దిగారో లేదో! కింద నుంచి ఎవరైనా ఎక్కివచ్చి కబురు చెబితేగాని ముద్ద మింగేది కాదు. ఎవరూ రాకపోతే ఆ పూటకి అంబలి కుండ అలాగే ఉండేది.

ఒకనాడు పొద్దున్నే గంగులు అనేవాడు సైకిలు మీద వచ్చాడు. వెనక పెళ్లాం ముత్యాలు. నిండు నెలలు. నొప్పులు మొదలైపోయాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. కింద ఆస్పత్రికి చేరితేనే బతుకు.

"ఆగు బావూ, నీ సక్రం ఏటంతందో ఇననీ."

"ఇప్పుడు కాదు పెద్దమ్మా! అడ్డు లే!" అని గంగులు కేకేశాడు.

అతను పెడలు తొక్కబోయాడు. ముత్యాలు వెనకనుంచి అతని చొక్కా పట్టుకుంది. "ఆగు మావా. ఇననీ."

చిలకమ్మ వెనక చక్రం మీటింది. టప్పు. పక్కది మీటింది. టప్పు. ఇంకోటి మీటింది. అదసలు పలకలేదు, విరిగి వేలాడుతోంది. వెతికితే విరిగినవి మూడు తేలాయి.

గంగులు పెళ్లాన్ని కిందికి దింపాడు. "ఇప్పుడేటి సేసేది?"

కొట్టులో చువ్వలు నిండుకున్నాయి. చిలకమ్మ ఊటనుంచి నీళ్లబిందెలు తెచ్చుకునే తన సైకిలు పడుకోబెట్టి, దాని చువ్వలు మూడు ఊడదీసింది. ముత్యాలు రాటని కావలించుకుని పళ్లు బిగపట్టి నిలబడింది. నొప్పి వచ్చినప్పుడల్లా, "అయిపోయినాది తల్లీ, అయిపోయినాది" అంటూనే చిలకమ్మ చేతులు ఆడించింది.

చువ్వలెక్కాయి. చక్రం తిప్పితే నిలకడగా తిరిగింది. మీటితే చుట్టూరా టింగు, టింగు, టింగు.

"బద్రంగా దిగు బావూ. దిగినాక ఒక్క మాట సెప్పు."

"అంత కిందనుంచి నీకేటి ఇనపడద్ది?" అన్నాడు గంగులు.

"కేకేత్తాం పెద్దమ్మా. నువ్వినుకో" అంది ముత్యాలు.

వాళ్లు మొదటి మలుపు తిరిగి కనబడకుండా పోయారు. చిలకమ్మ దారి అంచున కూర్చుంది. ఎండెక్కింది. చేతిలో రెంచీ అలాగే ఉండిపోయింది.

కింద గంగులు చదునునేల మీదికి దిగాడు. దిగీ దిగగానే గొంతు చించుకుని అరిచాడు: "దిగిపోయాం పెద్దమ్మా!"

ఆ కేక పైదాకా రాలేదు. కింది మలుపులో మేకలు కాసేవాడు విన్నాడు, పైకి అరిచాడు. నడిమి మలుపులో కట్టెలు కొట్టే ఆడమనిషి విని తానూ అరిచింది. పై మలుపులో చింతపండు మూటతో ఎక్కివస్తున్న ముసలమ్మ, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచింది: "దిగిపోయారంట పెద్దమ్మా!"

చిలకమ్మ నవ్వింది, ఏడ్చింది, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇన్నాను! ఇంక తింతాను!" అని లోయలోకి తిరిగి కేకేసి, నిలబడే అంబలి తాగేసింది.

మర్నాడు కబురొచ్చింది. తల్లీ క్షేమం, ఆడపిల్లా క్షేమం. చిలకమ్మ ఆ చువ్వలు వెనక్కి అడగలేదు. కొత్తవి దొరికేదాకా బిందె నెత్తిన పెట్టుకుని నీళ్లు తెచ్చుకుంది.

అది మొదలు ఎవరు దిగినా కేకేసేవారు. మలుపు మలుపునా ఎవరో ఒకరు అందుకునేవారు. చిలకమ్మ బతికున్నన్నాళ్లూ మరి పస్తుండలేదు.

చిలకమ్మ పోయి చాలాకాలమైంది. ఇప్పుడా కొండకి తారురోడ్డు, బస్సులు. అయినా ఆ ప్రాంతంలో పిల్లాడికి జ్వరం దిగినా, కొండకింది తీరాన తుపానులోంచి పడవ ఒడ్డుకి చేరినా, కాన్పు సుఖంగా జరిగినా ముందుగా వచ్చే మాట ఒకటే: "దిగిపోయాం పెద్దమ్మా!"

విన్నవాళ్లు ఊరికే ఉండరు. "ఇన్నాం! ఇంక తిందాం రండి" అంటారు. అని, అప్పటిదాకా ఎవరూ ముట్టని అన్నం వడ్డిస్తారు.