గంగులు రేవులో పిలుపు

అనగా అనగా, రాజులు సింహాసనాలు దిగి ఇళ్ళకి వెళ్ళిపోయి, సభలు కొత్తగా కూర్చున్న రోజుల్లో, వెండేరని ఒక ఏరుండేది. ఏరంటే మోకాటిలోతు అనుకునేరు. ఇవతలి ఒడ్డు మనిషి అవతలి ఒడ్డుకి చీమలా కనిపించేవాడు. ఇవతల ఊరుంది, సంత ఉంది, వైద్యుడున్నాడు. అవతల మొగలిలంక ఉంది. అక్కడ మొగలిపొదలు, మనుషులు, కొంగలు తప్ప ఏమీ లేవు. రెంటికీ మధ్య ఒకే పడవ. ఆ పడవకి ఒకే మనిషి. అతని పేరు గంగులు.

లంకవాళ్ళు ఒడ్డున నిలబడి, నోటికి చేతులడ్డం పెట్టుకుని పిలిచేవారు.

"ఓ... గంగులోయ్!"

గంగులు ఇవతల నుంచి పలికేవాడు.

"వస్తన్నా... వస్తన్నా!"

అంతే. ఎండైనా, వానైనా, ముద్ద నోటి దగ్గరున్నా సరే. పిలిచారు, వచ్చాడు.

ఇక్కడ కొంగల గురించి కొంత చెప్పాలి. కొంగ ఒంటికాలి మీద తపస్సు చేస్తుందంటారు గానీ, అసలు అది కునుకు తీస్తుంది. పెద్ద పెద్ద సభల్లో కూడా అలా తపస్సు చేసేవాళ్ళుంటారు, ఆ మాట తర్వాత. లంక ఒడ్డున ఇసక మీద కొంగలు కునుకు తీస్తుండేవి. ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలు, ఉలిక్కిపడి లేచేవి. రేవులో ఆరేసిన పంచెలన్నీ ఒక్క గాలికి ఎగిరినట్టుండేది.

ఏళ్ళు గడిచాయి. గంగులు చెవుల్లోకి ఏరు మెల్లగా ఎక్కింది. మొదట కప్పల అరుపు పోయింది. తర్వాత పడవ తోసే గెడ చప్పుడు పోయింది. ఆ తర్వాత భార్య పైడమ్మ గొంతు పోయింది.

"నా మాట నీకు పెళ్ళినాటి నుంచీ వినపడదు. ఇప్పుడు కొత్తగా చెవుడేటి?" అంది పైడమ్మ.

ఆ మాట ఆమె పెదవుల మీద చూసి గంగులు నవ్వాడు. నవ్వాడే గానీ గుండెలో రాయి పడింది. పిలుపు వినపడకపోతే ఎలా? రేవులో ఇంకో పడవవాడు లేడు. అందుకని కొంగల్ని చూడటం మొదలుపెట్టాడు. కొంగలు లేచాయా, ఎవరో పిలిచారన్నమాట. "వస్తన్నా!" అని గెడ అందుకునేవాడు. గంగులువి పాముచెవులని లంకవాళ్ళు మెచ్చుకునేవారు. ఆ మెప్పు కూడా అతనికి వినపడేది కాదు.

ఒక చలికాలం పొద్దున ఏటి మీద మంచు దిగింది. లంక లేదు, ఏరు లేదు, కొంగలు లేవు. లోకమంతా పాలలో మునిగినట్టుంది. గంగులు పడవలో కూర్చుని చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. అవతల తవుడమ్మనే ఇల్లాలు, జ్వరంతో కాలిపోతున్న పిల్లని భుజాన వేసుకుని పిలిచింది. పిలిచింది. మళ్ళీ పిలిచింది. కొంగలు లేచాయి, తిరిగాయి, వాలాయి. గంగులు వల కుట్టుకుంటూనే ఉన్నాడు.

ఎండెక్కి మంచు విడిచాక కొంగలు కనిపించాయి. అతను వెళ్ళేసరికి తవుడమ్మ మొలలోతు నీళ్ళలోకి దిగి ఉంది. పిల్లని నెత్తిమీదికి ఎత్తి పట్టుకుంది. అరిచి అరిచి గొంతు పోయింది.

పిల్ల బతికింది. తవుడమ్మ మాత్రం పడవలో పెదవులు కదిపి ఒక్క మాట అడిగింది.

"ఇంతసేపూ నానెవర్ని పిలిచినట్టు మావా?"

ఆ రోజు నుంచి గంగులుకి ముద్ద దిగలేదు. మళ్ళీ మంచు దిగితే? మళ్ళీ ఎవరో పిలిస్తే?

ఆ సీమ తరఫున పెద్దసభకి వెళ్ళే మనిషి జోగినాయుడు గారు. పెద్దసభ ఉత్తరాన, రైలుకి కూడా ఆయాసం వచ్చేంత దూరాన ఉంటుంది. సీమకొకరు అక్కడ కూర్చుని, మా ఊరికి బావి, మా ఊరికి బడి అని అడుగుతారు. మాట ఎక్కువైతే అధ్యక్షుడు గంట కొడతాడు. నాయుడు గారు లంకకి బయల్దేరిన రోజున గంగులు ఏటి మధ్యలో గెడ ఆపేశాడు.

"బావూ, మాకో వంతెన అడగండి."

నాయుడు గారు పకపకా నవ్వారు. "వంతెనొస్తే నీ పడవ ఎవడెక్కుతాడురా? ఏం తింటావు, ఇసకా?"

"నా చెవులు పోయినాయి బావూ. ఎవరికీ చెప్పనేదు. మంచులో ఎవరో పిలుస్తారు, నాను రాను. వంతెనకైతే చెవులక్కర్నేదు."

నాయుడు గారి నవ్వు ఆగిపోయింది.

ఆయన మూడుసార్లు సభకి వెళ్ళారు. మూడుసార్లూ తిరిగొచ్చి, ఆ పడవలోనే కూర్చుని చెప్పారు. గంగులు పెద్దసభని ఆయన పెదవుల మీదే చూశాడు. అతనికి ఆ సభ కూడా ఒక ఏరులాగే తోచింది. బల్లలన్నీ కట్టేసిన పడవలు.

మొదటిసారి, "పటంలో మీ ఏరు వెంట్రుకంత ఉంది, దాటెయ్యలేరా?" అని సభవాళ్ళు నాయుడు గారిని అడిగారట. గంట మోగింది. కూర్చున్నారు.

రెండోసారి, "పడవ ఉందిగా. పడవవాడు ఎప్పుడైనా రానన్నాడా?" అన్నారట. గంట మోగింది. కూర్చున్నారు.

మూడోసారి వచ్చి, "ఈసారి కాగితం చదవలేదు గంగులూ. మీవాళ్ళు పిలిచినట్టే పిలిచాను. ఇదిగో, ఇలా," అంటూ నాయుడు గారు పడవలో లేచి నిలబడ్డారు. నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు.

"ఓ... గంగులోయ్!"

గంగులుకి వినపడలేదు. కానీ లంక ఒడ్డున కొంగలన్నీ తెల్లగా లేచాయి. అతని చెయ్యి దానంతటదే గెడ మీదికి పోయింది.

"వస్తన్నా... వస్తన్నా!"

నాయుడు గారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

"అక్కడ మాత్రం ఎవరూ ఆ మాట అనలేదురా. కునికేవాళ్ళు లేచారు. అధ్యక్షుడు గంట మీద చెయ్యి అలాగే ఉంచాడు. సభంతా జవాబు కోసం చూసింది. రాలేదు. 'అధ్యక్షా, మంచు దిగితే మావాళ్ళకి వినపడేది ఇదే' అని కూర్చున్నాను."

"ఏటన్నారు బావూ?"

"ఇచ్చారు."

వంతెన వచ్చింది. పైడమ్మ దాని మొదట్లో వేపిన సెనక్కాయలు అమ్ముకుంది. గంగులు వంతెన ఎక్కలేదు. పడవని దాని నీడలో కట్టేసి, రాతి స్తంభానికి అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. పైన బండి వెళ్తే రాయి చిన్నగా వణికేది. మనిషి వెళ్తే ఇంకా చిన్నగా.

"వినపడతంది పైడీ," అనేవాడు. ఒకనాటి పొద్దున మంచులో అలా కూర్చునే వెళ్ళిపోయాడు. చెయ్యి స్తంభం మీదే ఉంది.

ఇప్పటికీ అక్కడివాళ్ళు మంచులో వంతెన ఎక్కే ముందు ఆగి, "ఓ... గంగులోయ్!" అని పిలుస్తారు. వంతెన మీద ఎవరుంటే వాళ్ళు, ఎటు పోతున్నవాళ్ళయినా సరే, "వస్తన్నా!" అనాలి. పెళ్ళివారు అంటారు, పాలవాళ్ళు అంటారు. జోగినాయుడు గారి తర్వాత పెద్దసభకి ఓట్లడగడానికి వచ్చేవాళ్ళని కూడా లంకవాళ్ళు ముందు వంతెన మొదట్లో నిలబెట్టి వాళ్ళచేత పిలిపిస్తారు. అవతలి ఒడ్డు నుంచి తామే "వస్తన్నా!" అని పలుకుతారు. "విన్నావు కదా, ఇంక రా" అంటారు.

ఎవరూ లేనప్పుడు పిలిస్తే, మంచులో ఎక్కడో రెక్కల చప్పుడవుతుంది. అప్పుడు ధైర్యంగా అడుగు వేస్తారు.

కథ అవతలి ఒడ్డున దిగిపోయింది. మనం ఇవతల మిగిలాం. ఒకసారి పిలిచి చూడండి.