వజ్రకోర దాచుకున్న పంటిపోటు

రాళ్ళవాగు అడవిలో అడవి పందులు, కొండముచ్చులు, దుప్పులు, ముళ్లపందులు కలిసి బతికేవి. కలిసి అంటే ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటూ అని అర్థం. అందరికంటే ఎక్కువగా ఎత్తిపొడిచేవాడు పందుల మందకు పెద్ద అయిన వజ్రకోర.

పేరు వాడికి తగిందే. వాడి కోరలు రెండూ వంపు తిరిగి, తెల్లగా, వాడిగా ఉండేవి. రోజూ పొద్దున్నే వాగు ఒడ్డున నల్లరాయి మీద వాటిని నూరుకునేవాడు. నూరుతూ ఓరకంట చుట్టూ చూసేవాడు. ఎవరూ తనను చూడకపోతే మళ్ళీ మొదటినుంచి నూరేవాడు.

ఆ మందకు ఒక ఆచారం ఉంది. ఎండాకాలమంతా ఎవరూ నేల తవ్వకూడదు. రాలిన పూలు, పళ్ళు ఏరుకుని తినాలి. తొలకరి పడి నేల మెత్తబడ్డాక, మంద పెద్ద అందరి ముందూ తన కోరతో మొదటి కందగడ్డను పెకలించాలి. ఆ తర్వాతే మిగతా పందులు నేలకు మూతి ఆనించాలి. గడ్డను పెకలించలేని పెద్ద ఇక పెద్ద కాడు. ఏటా తొలకరికి వజ్రకోర ఒక్క ఊపున గడ్డ లేపి, తల ఎగరేసి నిలబడేవాడు. ఆ ఒక్క ఊపు కోసమే ఏడాదంతా బతికేవాడంటే నమ్మండి.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో చిటారు అనే కొండముచ్చుకు పంటిపోటు వచ్చింది. చవిటి నేలలో ఊరిన ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. వేపపుల్ల నమిలాడు. కాస్త తగ్గింది. మళ్ళీ వచ్చింది. చిగుళ్ళు కూడా ఉబ్బాయి. చిటారు ఇంక మారుమాట లేకుండా సూదమ్మ బొరియకు వెళ్ళాడు.

సూదమ్మ ముసలి ముళ్లపంది. ఆ అడవిలో పంటి వైద్యం ఆమెదే. చీము పట్టిన చోట ముల్లుతో పొడిచి చీము తీసేది. బాగా పుచ్చిన పన్నయితే పీకేసేది. తన పని మీద ఆమెకు గర్వం తక్కువేమీ కాదు. "నా ముల్లు దిగిన చోట పోటు నిలవదు" అనేది. అది నిజమే కాబట్టి ఆ మాటకు ఎవరికీ కోపం వచ్చేది కాదు.

చిటారుకు ఒక పన్ను పోయింది. పోటూ పోయింది. నాలుగు రోజులకే కొమ్మ మీద కూర్చుని మామిడిపండు జుర్రుకుంటున్నాడు. కింద నుంచి వజ్రకోర చూశాడు.

"ఒరే చిటారూ! పంటిపోటుకు పోయి ముళ్లపంది కాళ్ళు పట్టుకున్నావటగా? సిగ్గు లేదూ? మా వంశంలో పసరుకు తగ్గని రోగమే లేదు. చచ్చేదాకా మా తాత నోట్లో పళ్ళన్నీ ఉన్నాయి, తెలుసా!"

"మీ తాతను వయసులోనే పులి తినేసింది గదా బావా. పళ్ళు పుచ్చేదాకా ఆగలేదు" అన్నాడు చిటారు, టెంక చీకుతూ.

పందులన్నీ కిసుక్కున నవ్వాయి. వజ్రకోరకు ఒళ్ళు మండింది. పక్కనే రాలిన మారేడుకాయలు ఉన్నాయి. మారేడుకాయ పెంకు ఎంత గట్టిదో తెలుసు కదా? పందులైనా సరే దాన్ని రాతికేసి దొర్లించి పగలగొట్టుకుంటాయి. వజ్రకోర అన్నిటికంటే పెద్ద కాయను నోట కరుచుకుని, అందరూ చూస్తుండగా పటుక్కున కొరికాడు.

కాయ పగిలింది. దాంతోపాటు వాడి వెనక పన్ను ఒకటి పగిలింది. కానీ ఆ సంగతి వాడు ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు పోటు మొదలైంది. మామూలు పోటు కాదు. దవడలోంచి చెవిలోకి, చెవిలోంచి నడినెత్తికి ఎక్కే పోటు. పంటి బిగువున భరిద్దామంటే నొప్పి ఉన్నదే పంట్లో! చెప్పుకుంటే పరువు పోతుంది. చిటారుతో తను అన్న మాటలన్నీ మింగాల్సి వస్తుంది.

మంద అంతా బురదలో పడి మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు వజ్రకోర పొదల చాటుకు పోయేవాడు. ఉప్పునీళ్ళు పట్టి ఉంచేవాడు. వేపపట్ట నమిలేవాడు. తుమ్మబెరడు నానిన నీళ్ళు పుక్కిలించేవాడు. ఉత్తరేణి వేరు పీకి పంటి కింద నొక్కిపెట్టేవాడు. ఒక్కోదానికి కాసేపు హాయిగా ఉండేది. ఆ హాయి చూసుకుని, "తగ్గిపోయింది! మా వంశం మందు ఊరికే పోతుందా!" అని పొంగిపోయేవాడు. పొద్దు వాలేసరికి పోటు మళ్ళీ హాజరు.

వాడి భార్య గరిక కనిపెట్టింది. "ఏమయ్యా, ఒకవైపే నములుతున్నావు. దవడ కూడా ఉబ్బినట్టుంది. సూదమ్మకు ఒకసారి చూపించకూడదూ?"

"ఉబ్బు కాదే, అది కండ! మంద పెద్దకు దవడ ఆ మాత్రం ఉండాలి" అన్నాడు వజ్రకోర.

గరిక ఊరుకోలేదు. తనే పోయి సూదమ్మను వెంటబెట్టుకొచ్చింది. సూదమ్మ వాడి ముఖం చూసి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది.

"నాయనా, నువ్వు వాడేవి మంచి మందులే. ఉప్పునీళ్ళు నోరు కడుగుతాయి. వేప చిగుళ్ళకు మంచిది. వాటిని నేను కాదనను. కానీ నీకు చీము పంటి వేళ్ళ కింద చేరింది. అక్కడిదాకా ఏ పసరూ దిగదు. తలుపు మూసిన ఇంటి బయట చిమ్మితే లోపల శుభ్రమవుతుందా? నోరు తెరువు, చూస్తాను."

"నీ ఎత్తెంత, నా ఎత్తెంత! నువ్వు నా నోట్లో తల పెడతావా?" వజ్రకోర గుర్రుమన్నాడు. "నీ ముళ్ళేవో ఆ కోతి దగ్గర చూపించుకో, ఫో!"

"పోతాను. నాకేం, నా పళ్ళు బాగానే ఉన్నాయి" అంది సూదమ్మ. నాలుగు అడుగులు వేసి మళ్ళీ ఆగింది. "ఒక్క మాట మాత్రం విను. వాపు కిందికి దిగినా, ఒళ్ళు కాలినా, నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా ఇంటిమందు పట్టుకుని కూర్చోకు. నన్ను పిలువు."

ఒకరోజు పొద్దున వజ్రకోర లేచేసరికి పోటు లేదు! తల విదిలించాడు. లేదు. పన్ను రాయికి ఆనించాడు. అస్సలు లేదు! వాడి ఆనందం చెప్పనలవి కాదు. నల్లరాయి ఎక్కి అడవంతా దద్దరిల్లేలా అరిచాడు.

"వినండి! నాకు పంటిపోటు వచ్చింది, నేనే తగ్గించుకున్నాను! ఉత్తరేణి వేరు, వేపపట్ట, అంతే! ఏ ముళ్లపంది ముందూ నోరు తెరవలేదు!"

పందులు భళా అన్నాయి. దుప్పులు తలలూపాయి. చిటారు కూడా, "అయితే నా పన్ను అనవసరంగా పోయిందేమో" అని కాసేపు దిగులుపడ్డాడు.

గరిక మాత్రం భర్త పక్కన నిలబడి వాడి ఒంటికి మూతి ఆనించింది. "పోటు ఆగింది సరే. ఒళ్ళు ఇలా కాలిపోతోందేమయ్యా? వాపు మెడదాకా వచ్చింది. నోరు సగమే తెరుస్తున్నావు."

"ఆ వేడి పౌరుషానిది!" అన్నాడు వజ్రకోర. సూదమ్మను పిలవనివ్వలేదు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే వాడికి ఎవరు చెప్పగలరు? పగిలిన పన్ను లోపల పూర్తిగా చచ్చిపోయింది. చచ్చిన పన్ను నొప్పి పెట్టదు. చీము మాత్రం తన దారిన తాను లోలోపలికి పోతూనే ఉంది. పంది కోర బయటికి కనిపించేది కొంతే. దాని మొదలు దవడ లోపల చాలా వెనక్కి, ఆ వెనక పళ్ళ కిందిదాకా ఉంటుంది. చీము వెళ్ళి చేరింది అక్కడికే.

తొలకరి పడింది. నేల కమ్మగా వాసన వేసింది. ఎండాకాలమంతా అరకడుపుతో గడిపిన పందులు పిల్లలతో సహా కందచెట్టు చుట్టూ చేరాయి. చెట్ల మీద కొండముచ్చులు, ఎడంగా దుప్పులు కాచుకున్నాయి. వేడుక చూడ్డానికి సూదమ్మ కూడా వచ్చింది.

వజ్రకోర ఛాతీ విరిచి నడిచొచ్చాడు. ఒళ్ళు ఇంకా కాలుతూనే ఉంది. అయినా తల దించలేదు. గడ్డ కింద కోర గుచ్చి, ఏటా చేసినట్టే ఒక్క ఊపు ఊపాడు.

గడ్డ కదల్లేదు. కోర ఊడి వచ్చింది.

మొదలంటా ఊడి మట్టిలో పడింది. దాని వెంట చీము, నెత్తురు. వజ్రకోర కొండ విరిగినట్టు పక్కకు ఒరిగిపోయాడు. పెద్దపందులు రెండడుగులు వెనక్కి వేశాయి. పిల్లపందులు మాత్రం ఆకలికి కీచుమన్నాయి.

గరికకు దుఃఖం ముంచుకొచ్చింది. కానీ ఏడుస్తూ నిలబడితే పిల్లల కడుపు నిండదు. "సూదమ్మా, మా ఆయనను నువ్వు చూడు. మందను నేను చూస్తాను" అంది. ముందుకొచ్చి, మూతి మట్టిలోకి దించి, అటూ ఇటూ తవ్వి తవ్వి కందగడ్డను బయటికి తీసింది. ఒక్క ఊపున రాలేదు. అయినా వచ్చింది. పెద్దపందులు ఆచారం గురించి గొణిగేలోపే పిల్లలు తినడం మొదలుపెట్టాయి. ఆ రోజు నుంచి మందకు పెద్ద గరికే.

సూదమ్మ తన పని తాను చేసింది. వాపులో ముల్లు దించి చీమంతా తీసింది. పగిలిన పన్ను పీకింది. చిటారు పరుగున పోయి దొన్నెలో ఉప్పునీళ్ళు తెచ్చాడు. ఎత్తిపొడవడానికి నోటిదాకా వచ్చిన మాట కూడా మింగేశాడు. మంచి కొండముచ్చే.

"ఇప్పుడు పనిచేస్తాయి ఈ నీళ్ళు" అంది సూదమ్మ, వాటితో వాడి నోరు కడుగుతూ.

చాలాసేపటికి వజ్రకోర కళ్ళు తెరిచాడు. మట్టిలో పడి ఉన్న తన కోరను చూశాడు. మూతి నిండా మట్టితో పిల్లలకు గడ్డలు పంచుతున్న గరికను చూశాడు. మంద అంతా తనవైపే చూస్తోంది.

"ఎలా ఉంది నాయనా? నొప్పిగా ఉందా?" అని అడిగింది సూదమ్మ.

వజ్రకోర అలవాటు కొద్దీ తల ఎగరేయబోయాడు. తల లేవలేదు.

"ఉంది" అన్నాడు. "చాలా నొప్పిగా ఉంది. ఎప్పటినుంచో ఉంది."

"ఈ ముక్క ముందే అని ఉంటే కోర దక్కేది గదయ్యా" అంది సూదమ్మ, ఇంకో దొన్నె నోటికి అందిస్తూ.

నీతి: ఇంటిమందు మంచిదే, కానీ దానికి లొంగని రోగాన్ని పరువు కోసం దాచుకుంటే పరువూ దక్కదు, పన్నూ దక్కదు.