ఢిల్లీకి నడిచిన నక్క

హైదరాబాద్ విమానాశ్రయం గోడ అవతల, ఎండిపోతున్న కుంట గట్టున ఓ నక్క ఉండేది. కారు డ్రైవర్లు చాయ్ తాగుతూ చెప్పుకునే కబుర్లన్నీ చాటుగా విని, లోకమంతా తిరిగొచ్చినట్టు పోజు కొట్టేది. దానికి తెలియని ఊరు లేదు. చూసిన ఊరూ లేదనుకోండి.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళ కుంటలో ఒక పెద్దబాతు చిక్కుకుపోయింది. చలికాలం గడపడానికి మంచుకొండల అవతల నుంచి వచ్చే రకం అది. రెక్కకు దెబ్బ తగిలి గుంపు నుంచి విడిపోయింది. ఇప్పుడు రెక్క మానింది. దక్షిణాన మిగిలిన ఆఖరి గుంపు నేడో రేపో ఇటుగా పోతుంది, అందులో కలవకపోతే ఇక ఇల్లు చేరడం కల్ల. అంత దూరం ఎగరాలంటే ముందు కడుపునిండా గడ్డి మేయాలి. చుట్టుపక్కల గడ్డి మిగిలిందేమో ఆ గట్టు మీదే, గట్టు మీదేమో నక్క. అది కదలదు, ఇది నీళ్ళు దాటి రాలేదు.

ఊసుపోక నక్క, మీ ఊరెంత దూరమని అడిగింది. బాతు చెప్పసాగింది. ఢిల్లీ దాటాక కొండలొస్తాయి. ఎంత పైకెగిరినా అవి ఇంకా పైనే ఉంటాయి. అక్కడ ఊపిరి అందదు, కింద మంచు తప్ప ఏమీ కనిపించదు. ముందున్న బాతు గాలికి ఎదురీది అలసిపోతే వెనక్కొస్తుంది, ఇంకోటి అడక్కుండానే ముందుకెళ్తుంది. అలా వంతులు మారుతూ వారాల తరబడి పోవాలి. వింటుంటే నక్కకు ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ ఆ మాట ఒప్పుకుంటే అది నక్కెందుకవుతుంది?

"వారాలేంటమ్మాయ్, ఢిల్లీకి రెండు గంటలే. ఇక్కడ టిఫిన్ తిని బయల్దేరినోళ్ళు భోజనానికి అక్కడుంటారు. మీకు ఎగరడం సరిగా రాదు, అంతే" అంది.

బాతు దాని మొహంలోకి పరకాయించి చూసింది. అబద్ధమాడటం లేదు, పాపం నిజంగానే నమ్ముతోంది.

"అంత దగ్గరని నాకు తెలీదు మామా. మా ముందు గుంపు ఢిల్లీలో యమున ఒడ్డునే ఆగింది. ఒళ్ళు హూనమై లేవలేక పడుంటాయి. అన్నీ నాకంటే లావు" అంది నెమ్మదిగా.

నక్క నోట్లో నీళ్ళూరాయి. భోజనం వేళకు అక్కడ, సాయంత్రానికి మళ్ళీ ఇక్కడ. ఈలోపు ఈ బక్కది ఎక్కడికి పోతుంది? ఉత్తర దిక్కు పట్టుకుని ఒకటే పరుగు. బాతు గట్టెక్కి తనివితీరా మేసింది.

పొద్దు వాలేసరికి నక్క హైదరాబాద్ అవతలి అంచున, మేడ్చల్ దగ్గర రోడ్డు పక్కన కూలబడింది. అరికాళ్ళు పగిలిపోయాయి. ధాబా ముందు నిలబడ్డ గాడిదను, ఢిల్లీ ఇదేనా అని అడిగింది. గాడిద దాన్ని ఎగాదిగా చూసింది. ఇక్కడ ఆగి తిని పోయే లారీలకే ఢిల్లీ చేరడానికి రోజులు పడతాయని చెప్పింది.

అంతలో ఆకాశంలో కేకలు వినిపించాయి. నక్క తలెత్తింది. ఎక్కడో పైన, ఎర్రటి వెలుగులో, బాతులు బారులు తీరి ఉత్తరానికి పోతున్నాయి. కుంటలోని బాతు వాటి మధ్యనే ఉంది. తను రోజంతా పరిగెత్తిన దారిని అవి కాసేపట్లోనే దాటొచ్చాయి. నక్క ఆకలి మరిచిపోయి నోరు తెరుచుకుని చూసింది.

"వీళ్ళకే వారాలు పడతాయా" అంది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చిన్న గొంతుతో.

ఎదుటివాడి వేగం చూసి మన దారి లెక్కేసుకుంటే, మిగిలేది కాళ్ళనొప్పులే.