ఎబినేజరు మాస్టారి రికార్డు

ఆదివారం నుంచీ భానోజీ తన గురువుగారి ఫోను ఎత్తడం లేదు. మోగినప్పుడల్లా దాన్ని దిండు కిందకు తోసి, ఆగేదాకా అటు చూడకుండా కూర్చుంటున్నాడు. మనిషి దొంగ కాదు, ద్రోహీ కాదు. గురువుగారి రికార్డు మీద ఒక గీత పెట్టాడు, అంతే. కానీ అది ఎలాంటి రికార్డో తెలిస్తే, ఆ స్థితిలో మీరైనా ఫోను ఎత్తరు.

విశాఖపట్నంలో జాజ్ వినేవాళ్ళందరూ కలిసి ఒక చిన్న హాల్లో పడతారు. ఆ కొద్దిమందికీ ఎబినేజరు మాస్టారంటే ప్రాణం. ఒకప్పుడు రైల్వే క్వార్టర్ల పక్క హాల్లో క్రిస్మస్ డాన్సులకు సాక్సఫోన్ వాయించిన మనిషి ఆయన. అలాంటి ఒక పండగ నాడు ఎవరో మద్రాసు నుంచి మెషీను తెచ్చి, ఆ కచేరీని జనంతో సహా రికార్డు చేశారు. గ్లాసుల చప్పుడు, దగ్గులు, ఎవరో కుర్చీ లాగిన మోత, అన్నీ అందులో ఉంటాయి. గ్రామఫోను మీద పెట్టుకునే నల్లటి పళ్ళేలుగా కొద్ది కాపీలే వేశారు. ఆ కంపెనీ మూతపడింది, కాపీలు ఎటు పోయాయో తెలీదు. ఇప్పుడు ఎవరెంత వెతికినా దొరకని వస్తువు. మాస్టారి దగ్గర మాత్రం ఒకటి మిగిలింది. ఆ రోజు ఆయన పక్కన మనిషెత్తు తీగల వాద్యం, డబుల్ బేస్, వాయించిన పైడిరాజూ పోయాడు, డ్రమ్ములు వాయించిన ఫ్రెడ్డీ పోయాడు. వాళ్ళ చేతులు వినాలంటే ఆ రికార్డులోనే వినాలి.

అలాంటిదాన్ని, విని నేర్చుకోమని మాస్టారు భానోజీ చేతిలో పెట్టారు. భానోజీ నేర్చుకున్నాడు. మిగతావాళ్ళు వెనక్కి తగ్గి మాస్టారి సాక్సఫోన్‌ని ముందుకు వదిలే భాగం ఒకటుంది, సోలో అంటారు. దాన్ని ఆయన ఊపిరి తీసుకున్న చోట్లతో సహా దించేశాడు.

శనివారం బీచ్ రోడ్డు హోటల్లో కచేరీ జరిగితే భానోజీ అదే వాయించాడు. అయ్యాక అభిమానులు బయట టీ బండి దగ్గర మూగారు. వీళ్ళంతా ఎక్కడ కచేరీ ఉందంటే అక్కడికి రైలెక్కేసే బాపతు. ఒకాయన కిందటి నెల బెంగుళూరులో వాన పడి కరెంటు పోతే, మైకు లేకుండానే ఎలా వాయించారో చేతులు ఊపుతూ చెప్పాడు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన అరుంధతి గారు కలకత్తాలో విన్న ట్రంపెట్ సంగతి ఎత్తారు. "ఒకచోట తప్పాడు బాబూ. తప్పి నవ్వాడు. ఆ తప్పునే పట్టుకుని ఎక్కడికో తీసుకుపోయాడు. ఇంటికొచ్చినా అదే చెవిలో మోగుతోంది" అన్నారు. తర్వాత భానోజీ వైపు తిరిగి, "నువ్వు మాత్రం ఒక్క తప్పూ చెయ్యలేదు. కళ్ళు మూసుకుంటే రికార్డే" అన్నారు.

భానోజీ పొంగిపోయాడు. ఆవిడ ముందు చెప్పిందేదీ తలకెక్కలేదు, ఈ ఆఖరి మాట ఒక్కటే ఎక్కింది. "రికార్డు నా దగ్గరే ఉంది. రేపు రండి, రెండూ పోల్చి చూడండి" అని అందర్నీ ఇంటికి పిలిచాడు.

పిలిస్తే రానివాళ్ళెవరు? వచ్చారు. భానోజీ రికార్డులో మాస్టారి సోలో మొదలయ్యే చోట ముల్లు పెట్టి వినిపించాడు, వెంటనే తను వాయించి చూపించాడు. మళ్ళీ ముల్లెత్తి మళ్ళీ అక్కడే పెట్టాడు. "విన్నారా, ఇక్కడ ఊపిరి! నాదీ ఇక్కడే!" అన్నాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పెట్టాడు. బుద్ధున్నవాడెవడూ పాత రికార్డుని అలా ఒకే చోట పొడవడు. కానీ చుట్టూ మెచ్చుకునేవాళ్ళుంటే బుద్ధి కాసేపు పక్కకి తప్పుకుంటుంది. ఎన్నోసారో ముల్లు వేళ్ళలోంచి జారి, బర్రుమని గీసుకుపోయింది. అరుంధతి గారు మెల్లగా సంచీ సర్దుకుని లేచారు.

బుధవారానికి దాక్కునే ఓపిక కూడా అయిపోయింది. భానోజీ రికార్డునీ సాక్సఫోన్‌నీ పట్టుకుని మాస్టారింటికి బయల్దేరాడు. చెప్పవలసిన మాటలు దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. ఇక తనకు పాఠం చెప్పరేమో, గడప తొక్కొద్దంటారేమో అన్న భయంతో, తీరా గుమ్మంలోకి వచ్చేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

"ఏట్రా, ఫోను పాడైందా?" అన్నారు మాస్టారు.

"లేదండి. అంటే, అవునండి."

"సరే, కూకో. రికార్డు తెచ్చావు కదా, పెట్టు. విని చాన్నాళ్ళయింది."

భానోజీ రికార్డుని తిప్పి పట్టుకున్నాడు. "రెండో వైపు పెడదామా మాస్టారూ? అది ఇంకా బాగుంటుందండి."

"రెండో వైపు వాయించేసరికి నాకు జలుబు. మొదటిదే పెట్టు."

పెట్టక తప్పలేదు. గ్లాసులు చప్పుడయ్యాయి, ఎవరో దగ్గారు, పాట మొదలైంది. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. ముల్లు లోపలికి జరుగుతున్న కొద్దీ భానోజీ కుర్చీ అంచుకు జరిగాడు. బేసు నాలుగు మెట్లు దిగింది, డ్రమ్ము నాలుగు దెబ్బలు వేసింది. ఇక మాస్టారి సాక్సఫోన్ అందుకోవాలి.

టక్.

ముల్లు గీతకు తగిలి వెనక్కి గెంతింది. మళ్ళీ అవే నాలుగు మెట్లు, అవే నాలుగు దెబ్బలు. టక్. మళ్ళీ అవే.

"నేనేనండి మాస్టారూ" అన్నాడు భానోజీ. "నా వల్లేనండి. నలుగురిలో గొప్ప చూపించుకోబోయి గీత పెట్టేశానండి."

మాస్టారు కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి వింటున్నారు. ఆయనకి కోపం వచ్చిందో బాధ కలిగిందో ముఖం చూస్తే తెలియడం లేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది భానోజీకి. ముల్లెత్తడానికి చెయ్యి చాపాడు. మాస్టారు ఆ చేతిని పట్టుకుని ఆపారు.

"సాక్సఫోన్ తీ."

"మాస్టారూ..."

"పైడిరాజూ ఫ్రెడ్డీ నీకోసం ఆగారు. పెద్దోళ్ళని ఎంతసేపు నిలబెడతావు?"

భానోజీ సాక్సఫోన్ తీశాడు. తనకు కంఠతా వచ్చిన సోలోనే ఎత్తుకున్నాడు. మొదటి చుట్టు బాగానే నడిచింది. రెండో చుట్టుకే బేసుతో తగువొచ్చింది. రికార్డు సరిగ్గా తిరిగితే ఇక్కడ బేసు ఇంకా కిందకి దిగి దారిస్తుంది. ఇప్పుడు దిగదు, ఆ నాలుగు మెట్ల మీదే తిరుగుతోంది. పైగా ప్రతి చుట్టు చివరా టక్ మన్న ఆ కుంటు ఒకటి. ఊపిరి తీసుకోవాల్సిన చోటు కూడా తప్పిపోయి, భానోజీ ఆగిపోయాడు.

రికార్డులో వాళ్ళిద్దరూ మాత్రం ఆగలేదు. మాస్టారు కాలితో తాళం వేస్తున్నారు. కుంటుతో సహా వేస్తున్నారు.

భానోజీ ఊరుకుని విన్నాడు. ఇన్నాళ్ళూ ఈ రికార్డులో మాస్టారి సాక్సఫోన్ తప్ప మరొకటి వినలేదని అప్పుడు తెలిసింది. పైడిరాజు మూడో మెట్టు దగ్గర రవ్వంత ఆలస్యం చేస్తున్నాడు, తొందరేముందన్నట్టు. భానోజీ ఆ ఆలస్యంలో ఒక్క స్వరం వేశాడు. సరిపోయింది. తర్వాతి చుట్టులో ఇంకోటి వేశాడు. టక్ వచ్చినప్పుడు ఒకసారి దాన్ని దాటేశాడు, ఒకసారి దానిమీదే పడ్డాడు. పడ్డది బాగుందనిపించి, ఈసారి కావాలనే పడ్డాడు. మాస్టారు "ఊఁ" అన్నారు.

ఎంతసేపు వాయించాడో భానోజీకి తెలీదు. పక్కింటావిడ గిన్నెలు తోమడం ఆపి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. పెదవి మంటెక్కాక అతనే ఆపాడు. మాస్టారు లేచి, ముల్లెత్తి పక్కన పెట్టారు.

ఆదివారం నుంచి గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయిందని భానోజీకి అప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఏది ముందు తుడుచుకోవాలో తెలియక, "ఆకలేస్తోందండి" అన్నాడు.

"తిండి కూడా మానేశావా? పిచ్చోడా!" అంటూ మాస్టారు లోపలికెళ్ళి ఉప్మా పళ్ళెం తెచ్చి ముందు పెట్టారు. భానోజీ గబగబా తినసాగాడు. ఇన్నాళ్ళకి నోటికి రుచి తెలిసింది. సగంలో ఉన్నట్టుండి చెయ్యి ఆపేశాడు.

"అయ్యో మాస్టారూ! ఫోన్లో రికార్డు చెయ్యాల్సిందండి. ఇందాక వాయించింది ఒక్క ముక్క గుర్తు లేదు. మొత్తం పోయింది."

మాస్టారు నల్లటి రికార్డుని మెల్లగా కవరులోకి తోస్తున్నారు.

"పోనీలేరా" అన్నారు. "దానికి గీత పడదు."