చాందిని దగ్గు

హుస్సేనప్పకు తన శుభ్రం మీద కాస్త గర్వం. కాస్తేమిటిలే, బాగానే. ఆదోని దారిలో ఫకీరు జమాల్ షా ఉండే మఠంలాంటి తకియాలో గుర్రపుశాల పని అతనిదే. రోజూ పొద్దున్నే కింద పరిచిన వరిగడ్డి దులిపి, ఈతపొరకతో మూలమూలా చిమ్మి, ఆ తర్వాతే మంచినీళ్లు ముట్టేవాడు. దాన్నీ ఆరాధనే అనుకునేవాడు.

అయినా గురువు జమాల్ షా ఎక్కి తిరిగే తెల్లగుర్రం చాందినికి దగ్గు తగ్గలేదు. ముక్కుపుటాలు విప్పార్చి, ఒక్క ఊపిరి వదలడానికి పొట్టను రెండుసార్లు ఎక్కదీసేది.

"నీ శాలలో నేలమీదే అన్నం పెట్టుకుని తినొచ్చు అప్పా" అనేది వంటామె పీరమ్మ. "పాపం, గుర్రానికే మేత దిగడంలేదు."

పశువుల డాక్టరు సులోచన రెండోసారి వచ్చింది. చాందిని ఊపిరితిత్తుల్లోంచి తీసిన నీటిని ల్యాబులో చూపించిందట.

"లోపల తెల్లకణాలు గుంపులుగా చేరాయి. శత్రువు వస్తే కొట్లాడాల్సిన సైన్యం అది. తీరా చూస్తే క్రిములేమీ లేవు. ఏదో రోజూ వాటిని రెచ్చగొడుతోంది. అవి లేచి ఊపిరిగొట్టాలనే వాచిపోయేట్టు చేస్తున్నాయి. మందిస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఆ రెచ్చగొట్టేదేమిటో నాకు దొరకడంలేదు. నేనొచ్చిన రెండుసార్లూ శాల అద్దంలా ఉంది."

గొంతు తగ్గించి అంది: "నెలలో తేరుకోకపోతే దాన్నింక బాధపెట్టొద్దు. సూది వేసి పంపించేద్దాం."

ఆమె వెళ్లగానే హుస్సేనప్ప గురువు ముందు కూలబడ్డాడు. తల్లిలేని పిల్లగా వచ్చిన చాందినికి వేళ్లు చీకించి పాలు అలవాటు చేసింది అతనే.

"హజరత్, దాన్ని చంపుతున్నదేమిటో చెప్పండి. దాని గొంతు పట్టుకుంటాను."

జమాల్ షా లేచి శాలలోకి నడిచాడు. చాందినిని విప్పి బయట వదిలాడు. గుంజకు కట్టి ఉన్న దాని పలుపు రెండో కొసను తన నడుముకు చుట్టి ముడివేసుకుని, గుంజ పక్కన, రోజూ చిమ్మేవేళ అది నిలబడే చోటే నిలబడ్డాడు.

"ఊఁ, చిమ్ము."

"మీరుండగానా?"

"రోజూ చిమ్మినట్టే."

గురువు మాట కాదనలేక గడ్డి దులిపాడు. పొరక ఆడించాడు. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము పొగలా లేచింది. ముసలాయన దగ్గాడు. కళ్లవెంట నీళ్లు కారాయి. మళ్లీ దగ్గాడు, ఈసారి మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని, ఊపిరి అందక.

హుస్సేనప్ప చెయ్యి ఆగింది.

"బయటికి రండి హజరత్."

జమాల్ షా నడుముకున్న పలుపు లాగి చూపించాడు.

"ఎలా రాను?"

హుస్సేనప్ప పొరక కింద పెట్టాడు. వంగి ముడి విప్పసాగాడు. బయట చాందిని దగ్గింది. అతను తలెత్తలేదు.