గసగసాల మడిలో కొత్వాలు

సింగవరం రాజు భీమభూపతికి కోపమొస్తే శిక్ష ముందు, విచారణ తర్వాత. ఎవరో పానకంలో నల్లమందు కలిపి, ఖజానా కాపలావాళ్ళను నిద్రపుచ్చి, రాణిగారి ముత్యాలహారం కాజేశారు. కొత్వాలు రణభైరవుడు గవరమ్మ అనే ముసలిదాన్ని ఈడ్చుకొచ్చి కొలువులో నిలబెట్టాడు. నల్లమందు వచ్చేది గసగసాల కాయల్లోంచే, రాజ్యం మొత్తమ్మీద ఆ మడి ఉన్నది దీనికొక్కదానికే అని ప్రమాణం చేశాడు. పొద్దుగూకేలోగా తప్పు చేయలేదని తేలకపోతే రెండు చేతులూ నరికిస్తానన్నాడు రాజు.

కొలువులో హాస్యగాడు భూచయ్యకు ఒళ్ళు మండింది. ఆ చేతులు పండించిన గసగసాలు తినే కదా రాజుగారికి బొజ్జ వచ్చింది! ముసలిదానికి మందు తీయడం వచ్చో రాదో మడిలోనే తేల్చుకుందాం పదండని అందరినీ లేవదీశాడు.

మడిలోకి రాగానే గవరమ్మ ఎండిన కాయ తుంచి, చిదిమి, గింజలు దోసిట్లోకి దులిపింది. మా అత్త నేర్పింది ఇంతే, మందూ మాకూ నేనెరగనంది. నాటకాలాడుతోందని కొత్వాలు మీసం దువ్వాడు.

భూచయ్య జాలిగా తలూపాడు.

"పోనీలెండి ప్రభూ, ఆ విద్య పాపం కొత్వాలుగారికీ రాదు కదా."

రాదు అన్న మాట కొత్వాలుకు గిట్టదు. చాకు దూసి పచ్చికాయ మీద నాలుగు గీతలు గీశాడు. పాలు బొట్లు బొట్లుగా ఊరాయి. రేప్పొద్దునకు ఇవి నల్లగా గడ్డకడతాయి, గీకి తీయడమేనని రాజుగారికే పాఠం చెప్పాడు. ఆ ఊపులో ఒక్కో కాయా గీస్తూ సాలు వెంట వెనక్కి నడవసాగాడు.

ఎందుకలా వెనక్కి నడుస్తున్నారని భూచయ్య అమాయకంగా అడిగాడు.

"ముందుకు నడిస్తే గీసిన కాయల పాలు బట్టలకు అంటవట్రా, వెర్రివాడా? పదేళ్ళు గీస్తేగానీ ఈ నడక పట్టుబడదు," అన్నాడు కొత్వాలు గర్వంగా.

"రాజ్యంలో ఉన్నది ఈ ఒక్క మడే అన్నారు. మరి తమరు పదేళ్ళు ఎవరి మడిలో గీశారు దొరా?"

కొత్వాలు ఇంకో అడుగు వెనక్కి వేసి, రాజుగారి బొజ్జకే గుద్దుకున్నాడు. తలపాగా ఊడిపడింది. రాజు కాళ్ళమీద పడి, దొంగమడీ, ముత్యాలహారమూ రెండూ తన మామిడితోటలోనే ఉన్నాయని కక్కేశాడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. గవరమ్మకు ఆ మామిడితోట, భూచయ్యకు కొత్వాలు గుర్రం ఇచ్చేశాడు.

భూచయ్య గుర్రాన్ని ఎగాదిగా చూసి అడిగాడు.

"ఇదైనా ముందుకు నడుస్తుందా ప్రభూ?"